మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఫైల్‌లో ఎన్ని టాస్కుల వరకు పెట్టుకోవచ్చు? ఎక్కడ దాటితే నెమ్మదిస్తుంది?

బార్‌చార్ట్ (ప్రశ్న)

డెస్క్‌టాప్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఒక నిర్మాణ షెడ్యూల్. 9,400 టాస్కులు, 140 రిసోర్సులు, పని 2025లో మొదలై 2028లో ముగియాలి. ఇప్పటికి 6 బేస్‌లైన్లు (ప్లాన్‌ను తర్వాత పోల్చుకోవడానికి దాచుకునే నకళ్లు) తీశాం. ఎంపీపీ ఫైల్ (ప్రాజెక్ట్ సొంత ఫైల్ రూపం) 68 ఎంబీ ఉంది. ఆఫీస్ 32 బిట్.

ఏ టాస్కు వ్యవధి మార్చినా 11, 12 సెకన్లు స్క్రీన్ కదలదు. సేవ్‌కు నిమిషం పైనే పడుతోంది. లెవెలింగ్ (రిసోర్సుల మీద భారం మించకుండా టాస్కులను జరపడం) మొదలుపెడితే చాలాసార్లు మెమరీ చాలలేదని ఆగిపోతోంది.

ఒక ఫైల్‌కు 4,00,000 టాస్కుల దాకా పరిమితి అని స్పెసిఫికేషన్లలో ఉంది. మనం అందులో నలభయ్యో వంతు కూడా లేం. మరి ఇంత బరువెందుకు? మంచి పనితీరు కావాలంటే ఒక ఫైల్‌కు ఎన్ని టాస్కులు పెట్టుకోవడం మంచిది? దీన్ని 5 ఫైళ్లుగా విడగొట్టి మాస్టర్ ప్రాజెక్ట్ (వేరే ఫైళ్లను కలిపి చూపే ఫైల్) కింద పెట్టమని ఒక సలహా వచ్చింది. అదే దారా?

---

ఎఫ్9

4,00,000 అనేది ఆ సంఖ్య దాటితే ప్రోగ్రాం ఒప్పుకోదు అని చెప్పే అంకె. అంతవరకు హాయిగా నడుస్తుందన్న హామీ అందులో లేదు. అలాగే ఒక మాస్టర్‌లో 998 సబ్‌ప్రాజెక్టుల దాకా చొప్పించవచ్చు. చేయనిస్తుంది కదా అని ఎవరూ చేయరు.

అసలు టాస్కుల లెక్క మీద దృష్టి పెట్టడమే సరైన కొలత కాదు. బరువు పెంచేది అసైన్‌మెంట్లు, అంటే ఏ టాస్కుకు ఏ రిసోర్సు అన్న జతలు. ఒక టాస్కుకు ముగ్గురు రిసోర్సులు ఉంటే 3 అసైన్‌మెంట్లు. 9,400 టాస్కులకు సగటున మూడేసి అనుకుంటే 28,200. ఒక్కో అసైన్‌మెంట్ 15 పనిదినాలు నడిస్తే 4,23,000 రోజువారీ విలువలు. పని అన్ని రోజులకూ సమానంగా పంచి ఉన్నంతకాలం ప్రోగ్రాం దాన్ని కుదించి దాచుకుంటుంది. రోజువారీగా జరిగిన పని నింపడం మొదలుపెట్టాక, లెవెలింగ్ టాస్కులను ముక్కలు చేశాక, ఆ కుదింపు పోతుంది. ఆ స్థితిలో బేస్‌లైన్ తీస్తే ఆ ముక్కలన్నీ ఇంకో ప్రతిగా ఫైల్‌లోకి చేరతాయి. మీకు 6 ఉన్నాయి. 68 ఎంబీకి ఇది ఒక బలమైన కారణం కావచ్చు.

అందుకే 2,000 టాస్కులున్న ఫైల్ కుంటడం, రిసోర్సులు లేని 12,000 టాస్కుల ఫైల్ పరుగెత్తడం రెండూ మామూలే. ఏదో ఒక అంకె కావాలంటే నా లెక్క ఇది: రిసోర్సులు లోడ్ చేసిన ఫైల్‌కు 3,000 నుంచి 5,000 టాస్కుల మధ్య జాగ్రత్త మొదలుపెట్టాలి. లాజిక్ (టాస్కుల మధ్య లింకులు) మాత్రమే ఉన్న ఫైల్‌కు 10,000 వరకు పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఇది పని మీద ఏర్పడిన అంచనా, కంపెనీ ఇచ్చిన పరిమితి కాదు.

విడగొట్టే ముందు జాప్యం ఎక్కడుందో పట్టుకోండి. ఫైల్ > ఆప్షన్స్ > షెడ్యూల్‌లో కిందికి వెళ్తే కాలిక్యులేషన్ భాగం ఉంటుంది. ప్రతి మార్పు తర్వాత లెక్కించు అన్నదాన్ని ఆఫ్ చేయండి. గాంట్ చార్ట్ వదిలి టాస్క్ షీట్ వ్యూకు మారండి. ఇప్పుడు ఒక టాస్కు వ్యవధి మార్చండి.

మార్పు వెంటనే పడి, ఎఫ్9 కీ (లెక్కింపు చేయించేది) నొక్కినప్పుడు మాత్రం 10 సెకన్లు పడితే తప్పు లెక్కింపులో ఉంది. లింకులు, ఫార్ములాలు, క్యాలెండర్లు చూడాలి. ఎఫ్9 కూడా చప్పున అయిపోయి, గాంట్‌కు తిరిగి వెళ్తే మళ్లీ నెమ్మదిస్తే తప్పు ఉన్నది బొమ్మ గీయడంలో: బార్ల మీద రాతలు, ప్రోగ్రెస్ లైన్లు, గ్రూపింగ్, రంగు గుర్తులున్న కాలమ్‌లు. లెక్కింపు ఆఫ్‌లో ఉన్నా, టాస్క్ షీట్‌లోనే ఉన్నా ఒక్క మార్పుకు సెకన్లు పడితే మాత్రం యాడ్-ఇన్‌లు, అండూ, మెమరీ మీద అనుమానపడండి.

అండూ స్థాయిలు మొదట్లో 20 ఉంటాయి, 99 దాకా పెంచుకోవచ్చు. అడ్వాన్స్‌డ్‌లో ఎవరైనా 99 పెట్టేశారేమో చూడండి. పెద్ద ఫైల్‌కు 5 చాలు. అక్కడే మల్టిపుల్ క్రిటికల్ పాత్స్ లెక్కింపు టిక్ ఉంటే, అవసరం లేకపోతే తీసేయండి.

32 బిట్ సంగతి: ఆ ప్రోగ్రాంకు అందే మెమరీ ఎంత లాగినా 4 జీబీ లోపే. మెషీన్‌లో 32 జీబీ ఉన్నా ఉపయోగం లేదు. లెవెలింగ్ మెమరీ చాలక ఆగిపోవడానికి మొదట చేయాల్సింది 64 బిట్‌కు మారడం. కాకపోతే ఒకే మెషీన్‌లో 32 బిట్ ఆఫీస్, 64 బిట్ ప్రాజెక్ట్ కలిపి ఉంచలేరు. మొత్తం ఆఫీస్ మార్చాలి, పాత 32 బిట్ యాడ్-ఇన్‌లు ఉంటే వాటి సంగతీ ముందే చూసుకోవాలి.

---

లాజిక్‌లింక్

విడగొట్టడం గురించి నేను గట్టిగానే కాదంటాను. వేగం కోసమే అయితే అది ఆఖరి మందు.

5 ఫైళ్లు చేసి మాస్టర్‌లో కలిపి తెరిస్తే మెమరీలోకి వచ్చేది అవే 9,400 టాస్కులు. లెక్కింపు తగ్గదు. పైగా ఫైళ్ల మధ్య లింకులు కొత్తగా పుడతాయి. ప్రెడిసెసర్ (ముందు జరగాల్సిన టాస్కు) కాలమ్‌లో టాస్కు నంబరు బదులు ఫోల్డర్ దారి, ఫైల్ పేరు, నంబరు కలిపి వస్తాయి. అవతలి ఫైల్‌లోని టాస్కు ఇక్కడ బూడిదరంగులో దెయ్యంలా కనిపిస్తుంది. ఎవరైనా ఫైల్ పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లోకి జరిపినా, పాత కాపీని కొత్తదాని మీద పెట్టినా ఆ లింకులు తెగుతాయి. ఒక్కోసారి ఫైలే చెడిపోతుంది. తనంతట తాను సింక్ అయ్యే క్లౌడ్ ఫోల్డర్‌లో లింకులున్న ఎంపీపీలను పెట్టడం కోరి తెచ్చుకున్న తలనొప్పి.

విడగొట్టాల్సింది ఎప్పుడంటే, వేర్వేరు మనుషులు ఒకే వారంలో వేర్వేరు భాగాలను నవీకరించాల్సి వచ్చినప్పుడు. అప్పుడు కూడా హద్దు గీయాల్సిన చోటు టాస్కుల సంఖ్య చూసి కాదు, లింకులు తక్కువగా దాటే చోటు చూసి. సివిల్, ఎలక్ట్రికల్ అని శాఖల వారీగా కోస్తే వందల లింకులు దాటతాయి. బ్లాకుల వారీగా కోస్తే సాధారణంగా పదుల్లో ఆగుతాయి. ఆ పదులకు కూడా హద్దు దగ్గర ఒక మైల్‌స్టోన్ పెట్టి, "బ్లాక్-2 అప్పగింత" లాంటి ఒక్కదాని గుండానే పంపండి. 60 లింకులు 6 అవుతాయి, ఏది తెగినా కంటికి కనిపిస్తుంది. ప్రాజెక్ట్ ట్యాబ్‌లో లింక్స్ బిట్వీన్ ప్రాజెక్ట్స్ అన్న డైలాగ్ వాటిని అన్నీ చూపిస్తుంది.

ఇక మీ 9,400లో ఎన్ని నిజంగా టాస్కులో కూడా చూడండి. వారానికొక సమీక్షా సమావేశాన్ని రికరింగ్ టాస్కుగా పెడితే 3 ఏళ్లకు 156 లైన్లు. అలాంటివి 5 ఉంటే 780. అందులో ఒక్కటీ తేదీని నడిపించదు. తనిఖీ జాబితాల్లో ఉండాల్సిన పనులూ అంతే: షట్టరింగ్ శుభ్రం చేయడం, ఆయిల్ రాయడం, లెవెల్ చూడటం, ఇంజినీరుకు చూపడం అంటూ ఒక్కో స్లాబుకు నాలుగు లైన్లు. వాటిని ఒకే టాస్కు చేసి వివరం నోట్స్‌లో రాయండి. పని ప్యాకేజీ 8 గంటలకు తగ్గకూడదు, 80 గంటలు దాటకూడదు అన్న పాత నియమం ఉంది కదా, దానిలోని 8 వైపును చాలామంది మరిచిపోతారు. మరీ లావు టాస్కులూ మంచివి కావు. అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టుల పర్యవేక్షణ సంస్థ వాడే 14 అంశాల పరీక్షలో 44 పనిదినాలు మించిన టాస్కులు 5 శాతం లోపు ఉండాలంటుంది. మీది ఈ రెండు గట్ల మధ్య ఉంటే చాలు.

సమ్మరీ టాస్కులకు (కింది టాస్కులను గుంపుగా చూపే శీర్షిక లైన్లకు) ప్రెడిసెసర్లు ఇచ్చి ఉంటే ముందు అవి తీసేయండి. సమ్మరీకి ఇచ్చిన ఒక్క లింకు దాని కింద ఉన్న 40 టాస్కులకూ వర్తిస్తుంది. లెక్కింపు పెరగడం ఒకటైతే, తేదీ ఎందుకు కదిలిందో తెలియకపోవడం అంతకంటే పెద్ద సమస్య.

---

బార్‌చార్ట్

ఇద్దరికీ ధన్యవాదాలండి. చెప్పిన క్రమంలోనే చూశాను.

లెక్కింపు ఆఫ్ చేసి టాస్క్ షీట్‌లో మారిస్తే వెంటనే పడుతోంది. ఎఫ్9కు 9 సెకన్లు. కాబట్టి లెక్కింపే. అండూ 99లో ఉంది, 5 చేశాను. సమ్మరీ టాస్కులకు 71 లింకులు దొరికాయి.

ఒక వింత: ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్‌లో స్టాటిస్టిక్స్ తెరిస్తే ముగింపు 2043 చూపిస్తోంది! గాంట్‌లో మేం ఎప్పుడూ 2028 దాటి జరిపి చూడలేదు. అసైన్‌మెంట్లు ఎన్నో లెక్కపెట్టే తేలిక దారి ఏది? ఫైల్ బరువు దించడానికి ఎక్స్‌ఎంఎల్‌గా సేవ్ చేసి మళ్లీ తెరవమంటారు కదా, దానివల్ల ఏమేం పోతాయి?

---

ఎఫ్9

2043 వింతేమీ కాదు, మీ జాప్యానికి పెద్ద ఆధారం. ఫినిష్ కాలమ్‌ను చివరి తేదీ ముందు వచ్చేలా సార్ట్ చేయండి. ఎక్కువగా దొరికేది వ్యవధిలో ఒక సున్నా ఎక్కువ పడటం. "సైట్ పర్యవేక్షణ" లాంటి లైన్‌కు 24 నెలలు బదులు 240 నెలలు పడిందనుకోండి. ప్రాజెక్ట్ నెలకు 20 పనిదినాలు లెక్కేస్తుంది, అంటే 4,800 పనిదినాలు, సుమారు పద్దెనిమిదిన్నర ఏళ్లు. 2025లో మొదలైతే 2043కే చేరుతుంది. ఆ లైన్‌కు 12 మంది రిసోర్సులు ఉంటే ఒక్క టాస్కే 57,600 మనిషి-రోజులు. లెవెలింగ్‌ను రోజువారీగా చూడమని పెడితే అది 2043 దాకా ప్రతి రోజూ తడుముకుంటూ పోవాలి. మెమరీ చాలకపోవడానికి ఇదే కారణమైతే ఆశ్చర్యపోను.

వ్యవధి సరిచేస్తే సరిపోదు, ఆ పొరపాటు తర్వాత తీసిన ప్రతి బేస్‌లైన్‌లోనూ 2043 కూర్చుని ఉంటుంది. బేస్‌లైన్ ఫినిష్, బేస్‌లైన్1 ఫినిష్ అంటూ కాలమ్‌లు వేసి చూడండి.

అసైన్‌మెంట్ల లెక్కకు: సేవ్ యాజ్‌లో ఎక్సెల్ వర్క్‌బుక్ ఎంచుకుంటే ఎగుమతి విజర్డ్ వస్తుంది. అందులో అసైన్‌మెంట్స్ ఒక్కటే టిక్ పెట్టి టాస్కు పేరు, రిసోర్సు పేరు, వర్క్ ఫీల్డులు ఇవ్వండి. షీట్‌లో ఎన్ని వరుసలుంటే అన్ని. అక్కడే 0 గంటల వర్క్ ఉన్నవాటిని వడకడితే ఊరికే తగిలించిన పేర్లు బయటపడతాయి.

ఎక్స్‌ఎంఎల్ విషయం. ఉండేవి: టాస్కులు, లింకులు, రిసోర్సులు, అసైన్‌మెంట్లు, క్యాలెండర్లు, బేస్‌లైన్లు, కస్టమ్ ఫీల్డులు. పోయేవి: మీరు చేసుకున్న వ్యూలు, టేబుళ్లు, ఫిల్టర్లు, బార్ల రంగులు, మాక్రోలు. నోట్స్‌లో అతికించిన బొమ్మలు కూడా పోతాయి, ఉత్త పాఠం మిగులుతుంది. ఆ స్క్రీన్‌షాట్లూ బరువు పెంచేవే, కాబట్టి పోతే మంచిదే. అవసరమైనవి ఉంటే ముందే వేరే ఫోల్డర్‌లో దాచండి.

చేసే పద్ధతి: పాత ఫైల్ కాపీ తీసి పక్కన పెట్టండి. వేరే ఫైళ్లతో లింకులు, ఉమ్మడి రిసోర్స్ పూల్ ఉంటే ముందు తెంచండి. స్టాటిస్టిక్స్‌లోని ప్రారంభం, ముగింపు, మొత్తం వర్క్, మొత్తం కాస్ట్ రాసుకోండి. లెక్కింపు ఆఫ్‌లో ఉంచే ఎక్స్‌ఎంఎల్‌గా సేవ్ చేసి, ప్రోగ్రాం మూసి, మళ్లీ తెరిచి, ఆ ఎక్స్‌ఎంఎల్‌ను కొత్త ప్రాజెక్టుగా తెరవండి. ఎఫ్9 కొట్టి నాలుగు అంకెలూ పోల్చండి. సరిపోతేనే ఎంపీపీగా కొత్త పేరుతో సేవ్ చేసి, ఆర్గనైజర్‌లో (ఫైళ్ల మధ్య వ్యూలు, టేబుళ్లు కాపీ చేసే డైలాగ్) పాత ఫైల్ నుంచి వాడుకలో ఉన్న వ్యూలు, టేబుళ్లు మాత్రమే తెచ్చుకోండి. అన్నీ మోసుకొస్తే పాత చెత్త కూడా వచ్చేస్తుంది.

---

ఎక్స్ఈఆర్

ప్రైమవెరా పీ6 (ఇంకో షెడ్యూలింగ్ ప్రోగ్రాం) వాడేవాళ్లు ఈ చర్చ చదివితే వాళ్లకోసం. అక్కడ ఫైల్ ఉండదు, డేటాబేస్ ఉంటుంది కనుక కథ కొంచెం వేరు.

పీ6లో బేస్‌లైన్ అంటే ప్రాజెక్టుకు పూర్తి నకలు. 6,000 యాక్టివిటీల (అక్కడ టాస్కుల పేరు ఇది) ప్రాజెక్టుకు 10 బేస్‌లైన్లు పెడితే డేటాబేస్‌లో 66,000 యాక్టివిటీలు ఉన్నట్టే. తెరిచేటప్పుడు ఏది అవసరమో అదే ప్రాజెక్ట్ బేస్‌లైన్‌గా, ప్రైమరీగా ఎంచుకోండి. మిగతావి ఎక్స్ఈఆర్‌గా (పీ6 ఎగుమతి ఫైల్) ఎగుమతి చేసి దాచి, తీసేయవచ్చు.

ఎక్స్ఈఆర్ ఫైల్ ఉన్నట్టుండి పదుల ఎంబీలకు చేరి, దిగుమతి గంటలకొద్దీ నడిస్తే పీఓబీఎస్ అన్న టేబుల్ చూడండి. షెడ్యూల్‌కు దానితో పని లేదు. కానీ ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి ఎక్స్ఈఆర్ ద్వారా అంటుకుంటూ లక్షల వరుసలకు పెరుగుతుంది. ఎక్స్ఈఆర్ ఉత్త టెక్స్ట్ ఫైలే. కాపీ తీసుకుని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. శాతం గుర్తు, టీ అక్షరం, ఆ పక్కన పీఓబీఎస్ అని ఉన్న లైన్ నుంచి, మళ్లీ శాతం టీ తో మొదలయ్యే తర్వాతి లైన్ ముందువరకు చెరిపేయండి. ఎన్‌కోడింగ్ మార్చకుండా సేవ్ చేయండి, లేకపోతే పేర్లలోని అక్షరాలు పాడవుతాయి. తర్వాత దిగుమతి చేసుకోండి. మీ డేటాబేస్‌లోకి అప్పటికే వచ్చేసి ఉంటే డేటాబేస్ అడ్మిన్ చేత అక్కడా ఖాళీ చేయించాలి. లేకపోతే మీరు పంపే ప్రతి ఫైల్‌లోనూ తిరిగి వెళ్తుంది.

బయటి ఎక్స్ఈఆర్‌లతో గ్లోబల్ క్యాలెండర్లు, గ్లోబల్ యాక్టివిటీ కోడ్లు కూడా వందల్లో చేరతాయి. ముందు ఒక ఖాళీ డేటాబేస్‌లోకి తెచ్చి, శుభ్రం చేసి, ఆ తర్వాతే అసలుదానిలోకి.

ఇంకొకటి, దూరపు సర్వర్. పీ6 క్లయింట్ చిన్న చిన్న ప్రశ్నలు వేలల్లో అడుగుతుంది. బ్యాండ్‌విడ్త్ ఎంత ఉన్నా ఒక్కో ప్రశ్నకు 150 మిల్లీసెకన్లు పోతే ప్రాజెక్ట్ తెరుచుకోవడానికే నిమిషాలు పడతాయి. క్లయింట్‌ను డేటాబేస్ పక్కనే ఉంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడటమే పనిచేసే మార్గం.

---

బోర్డుమనిషి

గాంట్ కాకుండా ట్రెల్లో, జిరా లాంటి యాప్‌లలో పనులను కార్డులుగా పెట్టే బోర్డుల మీద పనిచేసేవాళ్లకు నాలుగు ముక్కలు.

ట్రెల్లోలో ఒక బోర్డు మీద తెరిచి ఉన్న కార్డులు 5,000 దాటనివ్వదు. చాలా బోర్డులు అంతకంటే ఎంతో ముందే మొరాయిస్తాయి, పూర్తయిన కార్డులను ఆర్కైవ్ చేయకపోవడమే కారణం. జిరా క్లౌడ్‌లో ఒక ఇష్యూకు (అక్కడ ఒక పని లైన్) 5,000 కామెంట్లు, 2,000 అటాచ్‌మెంట్లు పరిమితి. మనుషులు అక్కడిదాకా రాయరు, బాట్లు చేరుస్తాయి. ప్రతి బిల్డ్‌కూ ఒకే ఇష్యూలో కామెంట్ పెట్టే ఆటోమేషన్ ఉంటే అది ఆపండి.

జిరా బోర్డు నెమ్మదిగా ఉంటే ముందు దాని ఫిల్టర్ చూడండి. ప్రాజెక్ట్ పేరు ఒక్కటే రాసి వదిలేస్తే చరిత్ర అంతా లాగుతుంది. కాన్‌బాన్ బోర్డులో పూర్తయి 2 వారాలు దాటినవాటిని దాచడం మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, ఎవరో "అన్నీ చూపించు" అని మార్చి ఉంటారు. క్వెరీలతో చేసిన స్విమ్‌లేన్లు (బోర్డు మీద అడ్డ వరుసలు), క్వెరీలతో వేసిన కార్డు రంగులు ఒక్కోటీ వేరే వెతుకులాటే. కార్డు మీద కాలమ్‌లో ఎన్నాళ్లుందో చూపే చుక్కలూ ఖర్చే. కస్టమ్ ఫీల్డులను అన్ని ప్రాజెక్టులకూ తెరిచి ఉంచకుండా, వాడే ప్రాజెక్టులకే పరిమితం చేయండి.

---

బార్‌చార్ట్

దొరికింది. "నాణ్యతా పర్యవేక్షణ" అన్న లైన్‌కు 240 నెలలు, 9 రిసోర్సులు. సరిచేశాక, సమ్మరీ లింకులు వాటి కింది టాస్కులకు మార్చాక ఎఫ్9 3 సెకన్లకు వచ్చింది. ఫైల్ ఇంకా 61 ఎంబీ. 6 బేస్‌లైన్లలో 4 తీసేద్దామనుకుంటున్నాను. ఏదైనా జాగ్రత్త?

---

ఎఫ్9

తీసేయండి, కానీ ముందు రెండు చూడండి. ఆప్షన్స్ > అడ్వాన్స్‌డ్‌లో ఎర్న్‌డ్ వాల్యూ (జరిగిన పని విలువను ప్లాన్‌తో పోల్చే) లెక్కకు ఏ బేస్‌లైన్ ఎంచుకున్నారో చూసి దాన్ని ముట్టుకోవద్దు. వేరియన్స్ (ప్లాన్‌తో తేడా చూపే) కాలమ్‌లు నంబరు లేని మొదటి బేస్‌లైన్‌తోనే పోలుస్తాయి కనుక అదీ ఉంచాలి. బేస్‌లైన్2, బేస్‌లైన్3 అంటూ ఏ కస్టమ్ ఫీల్డు ఫార్ములాలో వాడారేమో కూడా వెతకండి, చెరిపాక ఆ ఫార్ములాలు సున్నాతోనో, తేదీ ఫీల్డయితే తేదీ లేదన్నట్టుగానో లెక్కేస్తాయి.

తీసే ముందు ఆ ఫైల్‌నే తేదీ పేరుతో కాపీ చేసి చదవడానికి మాత్రమే ఉండేలా దాచండి, కాంట్రాక్టు వాదన వస్తే అదే మీ రికార్డు. ఆ తర్వాత ప్రాజెక్ట్ ట్యాబ్ > సెట్ బేస్‌లైన్ > క్లియర్ బేస్‌లైన్, ఒక్కొక్కటిగా, మొత్తం ప్రాజెక్టుకు. అన్నీ అయ్యాక పైన చెప్పిన ఎక్స్‌ఎంఎల్ దారి. ముందు ఎక్స్‌ఎంఎల్ చేసి తర్వాత చెరిపితే ఆ ప్రయోజనం సగమే దక్కుతుంది, సైజు వెంటనే దిగదు.